పరిశ్రమతో పొత్తు: ఒప్పందంలో రాయని వాటా

వ్యవసాయ విశ్వవిద్యాలయాల వార్తాసంచికలలో ఇటీవల తరచుగా కనిపించే ఛాయాచిత్రం ఒకటి ఉంది. ఒకవైపు విశ్వవిద్యాలయ అధికారులు, మరొకవైపు ఒక కంపెనీ ప్రతినిధులు నిలబడి అవగాహన ఒప్పంద పత్రాలను మార్చుకొంటూ ఉంటారు. విత్తన సంస్థలు, జీవన ఎరువుల తయారీదారులు, డ్రోన్ సంస్థలు, అంకుర సంస్థలు ఈ విధంగా విశ్వవిద్యాలయాలతో చేయి కలుపుతున్నాయి. ఇది ఆహ్వానించదగిన పరిణామమే. అయితే ఆ పత్రాలలో ఏమి రాసి ఉన్నదో, వాటి ఫలితాలను రైతుల వద్దకు తీసుకొనిపోవలసిన విస్తరణ శాస్త్రవేత్తకు గాని, ఆ ప్రయోగాలలో పాల్గొనే పరిశోధక విద్యార్థికి గాని ముందుగా తెలిసే అవకాశం తక్కువ.

మన పల్లెలలో పాలుకు సాగు చేసేవారు దుక్కి దున్నక ముందే అన్నీ మాట్లాడుకొంటారు. విత్తనం ఎవరు తేవాలి, ఎరువుల ఖర్చు ఎవరు భరించాలి, గింజలో ఎవరి పాలు ఎంత అన్నది మాత్రమే కాదు, గడ్డి ఎవరికి చెందాలన్నది కూడా తేల్చుకొన్న తరువాతనే అరక కడతారు. విశ్వవిద్యాలయాలు పరిశ్రమతో కలిసి చేసే పరిశోధనలోనూ ఇంతటి జాగ్రత్త అవసరం. పొత్తు వద్దని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. విశ్వవిద్యాలయం పొత్తులోకి తీసుకొనివచ్చే ఆస్తులన్నింటినీ ముందుగా లెక్కించుకోవాలని, వాటిలో అన్నిటికంటె విలువైన రైతు నమ్మకం నేటి ఒప్పందాలలో లెక్కకు రావడం లేదని చెప్పడమే దీని ఉద్దేశం.

ఒంటరిగా ఎందుకు సాధ్యం కాదు?

సజ్జ పంట చరిత్ర ఈ విషయంలో మంచి పాఠం. మన దేశంలో తొలి సజ్జ సంకర రకం హెచ్‌బి-1 1965లో లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వెలువడింది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, టిఫ్టన్ పరిశోధన కేంద్రంలో రూపొందిన టిఫ్ట్ 23ఎ అనే పురుష వంధ్య వంశం దానికి మాతృక. దిగుబడులు పెరిగాయి, రైతులు ఆదరించారు. కాని ఒకే మాతృ వంశంపై ఆధారపడిన సంకర రకాలు విస్తరించడంతో 1970వ దశకం తొలి సంవత్సరాలలోనే వెర్రికంకి తెగులు విజృంభించి పంటను దెబ్బతీసింది. ఒక మంచి రకాన్ని తయారుచేయడంతో పని పూర్తికాదని, భిన్నమైన జన్యు నేపథ్యం గల జనక వంశాలు ఎప్పటికప్పుడు అందుబాటులోకి వస్తూ ఉండాలని ఆ అనుభవం తెలియజేసింది.

ఇటువంటి నిరంతర ప్రజననం ఏ ఒక్క కంపెనీకీ భారమే. దానికి జన్యు సంపద నిల్వలు, తెగుళ్ల నిరోధకతను పరీక్షించే క్షేత్రాలు, పదేళ్లు వేచి ఉండగల ఓపిక కావాలి. అవి ప్రభుత్వ పరిశోధన సంస్థల వద్ద ఉన్నాయి. మరొకవైపు, తయారైన సంకర రకం విత్తనాన్ని వేల ఎకరాలలో ఉత్పత్తి చేసి, శుద్ధి చేసి, సంచులలో నింపి, తొలకరికి ముందే మారుమూల గ్రామంలోని దుకాణానికి చేర్చగల యంత్రాంగం విశ్వవిద్యాలయాల వద్ద లేదు. అది కంపెనీల వద్ద ఉంది. ఒకరి వద్ద ఉన్నది మరొకరి వద్ద లేకపోవడమే సహకారానికి అసలైన పునాది.

కలిసి నడవకపోతే జరిగే నష్టాన్ని పత్తి పంట చూపింది. 2002లో మన దేశంలో బీటీ పత్తి సాగుకు అనుమతి లభించింది. ఆ తరువాత దేశీయ విత్తన సంస్థలు అనేకం ఆ జన్యువును అనుమతి రుసుము చెల్లించి పొంది, తమ సంకర రకాలలోకి ప్రవేశపెట్టుకొన్నాయి. లాం, నంద్యాల వంటి పరిశోధన కేంద్రాలు దశాబ్దాలుగా అభివృద్ధి చేస్తూ వచ్చిన ప్రభుత్వ రంగ రకాలు మాత్రం ఆ జన్యువు లేకుండానే మిగిలి, అంగడిలో వెనుకబడిపోయాయి. ఆరంభంలో 450 గ్రాముల బీటీ పత్తి విత్తన ప్యాకెట్టు ధర 1,600 రూపాయలకు పైగా ఉండేది. అందులో అధిక భాగం జన్యువుకు చెల్లించే రుసుమే. చివరకు 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య పద్ధతుల కమిషన్‌ను ఆశ్రయించిన తరువాత ఆ ధర 750 రూపాయలకు దిగివచ్చింది. పరిశోధన దశలో పొత్తులో భాగస్వామ్యం లేనప్పుడు ప్రజల పక్షాన మిగిలేది న్యాయ వివాదం, ధరల నియంత్రణ మాత్రమే. కనుక దూరంగా ఉండిపోవడం పరిష్కారం కాదు.

రెండు నమూనాలు

పొత్తు పెట్టుకొనే పద్ధతులలో రెండింటిని ఇక్కడ పోల్చి చూడవచ్చు. మొదటిది అమెరికాలోనిది. 1998లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలోని వృక్ష, సూక్ష్మజీవ శాస్త్ర విభాగం నోవార్టిస్ సంస్థతో ఐదేళ్ల ఒప్పందం చేసుకొంది. కంపెనీ 2.5 కోట్ల డాలర్లు ఇచ్చేందుకు అంగీకరించింది. అందుకు బదులుగా, ఆ విభాగంలో వెలువడే ఆవిష్కరణలలో సుమారు మూడవ వంతుపై అనుమతి కోసం అందరికంటె ముందుగా చర్చలు జరిపే హక్కు కంపెనీకి దక్కింది. నిధులు ఏ ప్రాజెక్టులకు ఇవ్వాలో నిర్ణయించే ఐదుగురు సభ్యుల సంఘంలో ఇద్దరు కంపెనీ ప్రతినిధులు. విశ్వవిద్యాలయంలోను, వెలుపల కూడా దీనిపై తీవ్ర చర్చ జరిగింది. గడువు ముగిసిన తరువాత 2003లో ఒప్పందం కొనసాగలేదు. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ నిపుణులు జరిపిన సమీక్షలో, భయపడినంత హాని గాని, ఆశించినంత లాభం గాని జరగలేదని తేలింది. అయినా ఒక విభాగాన్ని మొత్తంగా కలుపుకొనే ఇటువంటి ఒప్పందాలకు దూరంగా ఉండడం మేలని వారు సూచించారు. ఇక్కడ గమనించవలసినది హాని ఎంత అన్నది కాదు. ఒక విభాగం మొత్తం ఒకే కంపెనీతో ముడిపడినప్పుడు, ఆ విభాగపు శాస్త్రవేత్త నిష్పాక్షికంగా మాట్లాడినా వినేవారికి సందేహం కలుగుతుంది.

రెండవ నమూనా మన పటాన్‌చెరులోనే ఉంది. అక్కడి అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 2000వ సంవత్సరంలో జొన్న, సజ్జ పంటలలో సంకర జనక వంశాల పరిశోధన కోసం విత్తన కంపెనీలతో ఒక కూటమిని నెలకొల్పింది. 2004లో కంది కూడా ఇందులో చేరింది. సభ్య కంపెనీలు ఏటా రుసుము చెల్లిస్తాయి. ఆ నిధులతో ఇక్రిశాట్ జనక వంశాలను అభివృద్ధి చేస్తుంది. సభ్యులు వాటిని క్షేత్రంలో చూసి తమకు కావలసినవి ఎంచుకొంటారు. ఏ ఒక్క కంపెనీకీ వాటిపై ఏకైక హక్కు ఉండదు. ప్రభుత్వ రంగ పరిశోధన సంస్థలకు అవి రుసుము లేకుండానే అందుతాయి. కంపెనీలు ఆ వంశాలతో తమ సొంత సంకర రకాలను రూపొందించుకొని తమ పేరుతో అమ్ముకొంటాయి. అంటే పోటీ సంకర రకం దగ్గర ఆరంభమవుతుంది. జనక వంశం దగ్గర సహకారమే ఉంటుంది. పరస్పరం పోటీపడే సంస్థలు సైతం మూల పరిశోధన ఖర్చును పంచుకోగలవని ఈ కూటమి నిరూపించింది. షరతులు పెడితే కంపెనీలు రావన్న వాదనకు ఇంతకంటె మంచి జవాబు అవసరం లేదు.

ఈ రెండింటి మధ్య భేదం డబ్బు పరిమాణంలో లేదు. పరిశోధించవలసిన ప్రశ్నను ఎవరు నిర్ణయిస్తారు, ఫలితం ఎవరి చేతిలో మిగులుతుంది అన్న రెండు విషయాలలో ఉంది.

విశ్వవిద్యాలయం తెచ్చే మూడు ఆస్తులు

పొత్తులోకి విశ్వవిద్యాలయం తెచ్చే మొదటి ఆస్తి జన్యు సంపద. బాపట్ల నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి, అనగా బీపీటీ 5204, దీనికి ఉదాహరణ. జీఈబీ 24, తైచుంగ్ నేటివ్-1, మసూరి రకాల కలయికతో పుట్టిన ఈ వరి తరువాతి పరిశోధనలకు పునాదిగా నిలిచింది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొనే మూడు జన్యువులను ఇందులో ప్రవేశపెట్టగా, మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో విడుదలైంది. 2025 మే నెలలో ప్రకటించిన జన్యు సవరణ వరి డీఆర్ఆర్ ధాన్ 100, అనగా కమల, కూడా సాంబ మసూరిపైనే నిర్మితమైంది. అదే సమయంలో ప్రకటించిన మరొక రకం పూసా డీఎస్‌టీ రైస్-1కు మాతృక మార్టేరు నుంచి వచ్చిన కాటన్‌దొర సన్నాలు, అనగా ఎంటీయూ 1010.

జన్యు సవరణకు ఉపయోగించే క్రిస్పర్-కాస్9 సాధనంపై మేధోసంపత్తి హక్కులు విదేశీ విశ్వవిద్యాలయాలు, సంస్థల వద్ద ఉన్నాయి. వాణిజ్య స్థాయిలో వాడాలంటే వారి అనుమతి ప్రశ్న తప్పక ఎదురవుతుంది. అంటే కత్తెరకు హక్కుదారుడు ఉన్నాడు, లెక్క ఉంది. బట్ట నేసిన మగ్గానికి లెక్క ఎక్కడ ఉంది? సాంబ మసూరి, కాటన్‌దొర సన్నాలు లేకుండా ఆ కత్తెర దేనిని కత్తిరించగలదు? రేపు ఏదైనా కంపెనీ ఇటువంటి సాధనంతో మన రకాలను మార్చేందుకు ముందుకు వచ్చినప్పుడు, మూల రకం విలువను విశ్వవిద్యాలయం ఆరంభంలోనే పత్రంలోకి ఎక్కించాలి. 2001 నాటి మొక్కల రకాల సంరక్షణ, రైతు హక్కుల చట్టం ఇందుకు కొంత ఆధారం ఇస్తుంది. నమోదైన రకాన్ని పరిశోధనకు ఎవరైనా వాడుకోవచ్చు. కాని మరొక రకం వాణిజ్య ఉత్పత్తికి దానిని జనక వంశంగా పదేపదే వాడవలసి వస్తే హక్కుదారు అనుమతి తప్పనిసరి. ఈ నిబంధనను ప్రజనన విభాగపు విద్యార్థులు వర్ణ సంకరణ సూత్రాలతో పాటు నేర్చుకోవలసి ఉంది.

రెండవ ఆస్తి నైపుణ్యం. శాస్త్రవేత్త అనుభవం, విద్యార్థి శ్రమ, ప్రయోగ క్షేత్రం ఇందులోకి వస్తాయి. ఒప్పందాలు దీనికి రుసుము నిర్ణయిస్తాయి. కాని విద్యార్థి విషయంలో మరొక చిక్కు ఉంది. కంపెనీ నిధులతో జరిగిన ప్రయోగ ఫలితాలను గోప్యంగా ఉంచాలన్న నిబంధన ఉంటే, అతని సిద్ధాంత వ్యాసం ఏమవుతుంది? హక్కుల దరఖాస్తు కోసం కొన్ని నెలలు వేచి ఉండమనడం న్యాయమే. గడువు లేని గోప్యత మాత్రం విద్యార్థి భవిష్యత్తును తాకట్టు పెట్టడమే అవుతుంది.

మూడవ ఆస్తి రైతు నమ్మకం. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో ఏర్పడినప్పుడు బోధన, పరిశోధన, విస్తరణ మూడింటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చే అమెరికా ల్యాండ్ గ్రాంట్ విధానాన్ని ఆదర్శంగా తీసుకొంది. కంపెనీలకు ప్రయోగశాలలు ఉన్నాయి, ప్రతిభ గల శాస్త్రవేత్తలూ ఉన్నారు. వారి వద్ద లేనిది ఈ మూడవ అంగం సంపాదించిన నమ్మకం. ఏరువాక కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్త చేలో దిగి ఆకు తిప్పి చూసి చెప్పిన మాటను రైతు అమ్మకందారు మాటతో సమానంగా చూడడు. ఆ మాటలో అమ్మకం లేదని అతడు నమ్ముతాడు కనుకనే దానికి విలువ. సంచిపై విశ్వవిద్యాలయ చిహ్నం, క్షేత్ర ప్రదర్శనలో శాస్త్రవేత్త ఉనికి, కరపత్రంలో పరిశోధన కేంద్రం పేరు కంపెనీకి ఎంత లాభం చేకూరుస్తాయో ఏ ఒప్పందమూ లెక్క కట్టదు. ఉచితంగా లభించేది గనుక దానిని ఉదారంగా ఖర్చు చేస్తున్నాము.

నమ్మకం కొరవడితే

నమ్మకం లేని చోట విజ్ఞానం ఎంత ఉన్నా నిలిచిపోతుందనడానికి బీటీ వంకాయ సాక్ష్యం. కాయతొలుచు పురుగును తట్టుకొనే ఈ వంకాయ రూపకల్పనలో పరిశ్రమ, విశ్వవిద్యాలయాల సహకారం ఉంది. మహికో సంస్థ తన జన్యువును తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి, ధార్వాడ వ్యవసాయ విజ్ఞానాల విశ్వవిద్యాలయానికి రుసుము లేకుండా అందించింది. రైతు తిరిగి విత్తుకోగల సూటి రకాలను అవి అభివృద్ధి చేయాలన్నది ఆలోచన. కాగితంపై చూస్తే ఇది ఉదారమైన ఏర్పాటే. 2009 అక్టోబరులో నియంత్రణ సంఘం ఆమోదించినా, హైదరాబాదుతో సహా ఏడు నగరాలలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన తరువాత 2010 ఫిబ్రవరి 9న కేంద్ర ప్రభుత్వం దాని విడుదలను నిలిపివేసింది. ఆ సభలలో పదేపదే వినిపించిన ప్రశ్నలలో ఒకటి, భద్రతా పరీక్షల సమాచారాన్ని ఉత్పత్తిదారు కాక స్వతంత్ర సంస్థలు ఎందుకు సేకరించలేదన్నది.

అదే జన్యువు గల వంకాయ రకాలను బంగ్లాదేశ్ ప్రభుత్వ పరిశోధన సంస్థ 2013లో ఆమోదం పొంది, 2014 ఆరంభంలో రైతులకు అందించింది. రెండు దేశాల నిర్ణయాలు భిన్నంగా ఉండడానికి రాజకీయ, సామాజిక కారణాలు అనేకం. అయినా ఒక విషయం స్పష్టం: సాంకేతికత ఒకటే అయినప్పటికీ, దానిని ఎవరు పరీక్షించారు, ఎవరి పేరుతో అందించారు అన్నదే ప్రజల దృష్టిలో దాని యోగ్యతను చాలావరకు నిర్ణయిస్తుంది. ప్రజలు శాస్త్రాన్ని ప్రశ్నించడానికి ముందు శాస్త్రవేత్త ఎవరి పక్షమని ప్రశ్నిస్తారు.

మన వైపు లోపాలు

పొత్తులో తప్పులన్నీ కంపెనీలవే అనుకోవడం న్యాయం కాదు. విశ్వవిద్యాలయాలలో ఒక దస్త్రం ఒక బల్ల నుంచి మరొక బల్లకు చేరేలోగా విత్తే అదను దాటిపోయే ప్రమాదం ఉంది. పరిశ్రమకు ఖరీఫ్ పోతే ఏడాది పోయినట్లే. విడుదలైన మంచి రకానికి చాలినంత బ్రీడర్ విత్తనం ఉత్పత్తి చేయలేకపోతే ఆ రకం పుస్తకాలకే పరిమితమవుతుంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2006లోనే మేధోసంపత్తి నిర్వహణ, సాంకేతికత బదలాయింపుపై మార్గదర్శకాలు ప్రకటించింది. 2011లో అగ్రిఇన్నోవేట్ ఇండియా సంస్థను నెలకొల్పింది. చట్రం ఉంది. దానిని చదివి, చర్చించి, అదనులోగా నిర్ణయం తీసుకొనే నేర్పు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ పెరగాలి.

ఏమి చేయాలి?

మొదటిది, ఒప్పందం ముసాయిదా దశలోనే విస్తరణ శాస్త్రవేత్తకు స్థానం ఉండాలి. రైతు ఎదుర్కొంటున్న సమస్యను ఆ గదిలో అందరికంటె బాగా ఎరిగినవాడు అతడే. పరిశోధన ముగిసిన తరువాత ప్రచారానికి మాత్రమే అతనిని పిలిస్తే, ప్రశ్న కంపెనీది, జవాబు కంపెనీది, మాట మాత్రం విశ్వవిద్యాలయానిది అవుతుంది.

రెండవది, ప్రజాధనంతో రూపొందిన వంశాలు, పద్ధతులపై ఏకైక హక్కు ఇవ్వకపోవడం సాధారణ నియమం కావాలి. తప్పనిసరైతే అది ఒక పంటకు, ఒక ప్రాంతానికి, నిర్ణీత కాలానికి పరిమితం కావాలి. గడువులోగా ఉత్పత్తి రైతుకు చేరకపోతే హక్కు తిరిగి విశ్వవిద్యాలయానికి రావాలి.

మూడవది, కంపెనీ నిధులతో జరిగిన ప్రయోగాల ఫలితాలు అనుకూలమైనా, ప్రతికూలమైనా నిర్ణీత గడువులోగా ప్రచురితం కావాలి. ఫలానా మందు ఫలానా నేలలో పనిచేయలేదన్న సమాచారం కూడా రైతుకు ఆదాయమే. అనవసరపు ఖర్చు తప్పడం కంటె సత్వర లాభం వేరొకటి లేదు.

నాలుగవది, విశ్వవిద్యాలయం పేరు, చిహ్నం ఉపయోగానికి ప్రత్యేక నిబంధన ఉండాలి. కనీసం రెండు పంటకాలాలు తన సొంత క్షేత్రాలలోను, రైతుల పొలాలలోను పరీక్షించని ఉత్పత్తిపై ఆ పేరు కనబడరాదు. ప్రదర్శనకు నిధులు ఎవరు ఇచ్చారో అక్కడికి వచ్చిన రైతులకు ముందుగా చెప్పాలి. చెప్పినందువల్ల నమ్మకం తగ్గదు. దాచినది తరువాత తెలిస్తేనే తగ్గుతుంది. నమోదైన రకం ఏ పరిస్థితులలో ఎంత దిగుబడి ఇవ్వగలదో ప్రజననకారుడు రైతుకు తెలియజేయాలని, అది విఫలమైతే రైతు పరిహారం కోరవచ్చని 2001 నాటి చట్టం చెబుతోంది. విశ్వవిద్యాలయం తన పేరు జోడించేటప్పుడు ఆ బాధ్యతలో తన పాలు ఎంతో కూడా తేల్చుకోవాలి.

ఐదవది, వచ్చిన రుసుములో కొంత భాగం ఆ రకాన్ని రూపొందించిన పరిశోధన కేంద్రానికే తిరిగి చేరాలి. బాపట్లలో, మార్టేరులో, నంద్యాలలో క్షేత్రాలు పచ్చగా ఉంటేనే రేపటి ఒప్పందానికి తీసుకొనిపోవడానికి ఏదైనా ఉంటుంది.

ఈ ఐదు అంశాలలో ఏదీ పరిశ్రమకు వ్యతిరేకం కాదు. నిజానికి కంపెనీకి విశ్వవిద్యాలయంతో పొత్తు వల్ల కలిగే లాభం, రైతు ఆ విశ్వవిద్యాలయాన్ని నమ్మినంతకాలమే. ఆ నమ్మకాన్ని కాపాడడంలో ఇరుపక్షాల ప్రయోజనమూ ఒకటే. ఒక రకం విఫలమైతే కంపెనీ వచ్చే ఏడాది మరొక పేరుతో మరొక రకాన్ని విడుదల చేయగలదు. విస్తరణ శాస్త్రవేత్త మాత్రం అదే ఊరికి, అదే రైతుల ఎదుటికి మళ్లీ వెళ్లవలసి ఉంటుంది. ఒప్పందంపై సంతకం చేసేవారు ఆ రెండవ ప్రయాణాన్ని దృష్టిలో ఉంచుకొంటే చాలు, మిగిలిన నిబంధనలు ఏవి రాసుకోవాలో వారికే తెలుస్తుంది.